పన్నెండు వందల నలభై ఏడు ఉద్యోగాలు, ఒక చెంచమ్మ

మైపాడు,
జూన్ 8

చిరంజీవి షబీనాకు, నానీ దువాలు.

ముందు ఒక తప్పు దిద్దుకో. "మా నానీ ఉపాధి ఆఫీసులో క్లర్కుగా చేసింది" అని మీ ఎన్నికల ఆఫీసులో చెప్పినట్టు రాసినావు. నేను క్లర్కుగా చేరిన మాట నిజమే. రిటైరయింది మాత్రం జూనియర్ ఉపాధి అధికారిగా. ఆ రెండింటి మధ్య ఇరవై ఆరేళ్ళు, మూడు బదిలీలు, ఒక డిపార్టుమెంటు పరీక్ష ఉండాయి. ఇంగ్లండులో అయినా సరే, నా హోదా తగ్గించొద్దు.

నువ్వు పంపిన కరపత్రం అందింది. మన ఒప్పందం బాగానే ఉంది. నేను కాయితం మీద రాస్తాను, జిరాక్స్ షాపు యాసీన్ స్కాన్ చేసి పంపుతాడు. నువ్వూ చేత్తో రాసి ఫోటో పంపితే ప్రింటు తీసిస్తాడు. ఫోన్లో అయితే నా మాటల్లో సగానికి నువ్వు "ఆఁ ఆఁ" అంటావు. కాయితం మీద ఆ సౌకర్యం లేదు.

చిక్కేమంటే, ఈసారి యాసీన్ రెండు ప్రింట్లు తీసినాడు. ఒకటి నాకు, ఒకటి వాళ్ళ షాపు అద్దానికి. "ఖాలా, మన షబీనా ఆఫీసు కాయితం గదా, ఊరంతా చూడొద్దా" అంటాడు. దాని మీద ఇంత లావు అక్షరాల్లో 1,247 ఉద్యోగాలు అని ఉంది. కింద చిన్న ఇంగ్లీషు ఎవరు చదువుతారు? అంకె చాలు. నిన్న పొద్దున నేను టీ తాగుతా ఉంటే వసారాలో పదకొండు మంది. సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవరును రెండు చేతులతో పట్టుకోని నిలబడి ఉండారు. ఆ పట్టుకునే తీరు చూసి ఎన్నాళ్ళయిందో. మా ఆఫీసు కిటికీ ముందర వరస అట్లనే ఉండేది. వానలో వాళ్ళు తడిసేవాళ్ళు గానీ కవరు తడిసేది కాదు.

మర్యాదగా పంపించేద్దామనే లేచినాను. చెయ్యి ఊరుకోలేదు. పొడుగు నోటుబుక్కు తెచ్చి, స్కేలుతో గీతలు కొట్టి, పేరు, పుట్టిన తేదీ, చదువు, అన్నీ ఎక్కించేసినాను. మనుబోలు నుంచి రెజీనా అని నర్సింగు చదివిన పిల్ల బస్సెక్కి వచ్చింది పాపం.

కాబట్టి ఇప్పుడు నాకు వివరాలు కావాలి. ఉద్యోగం పేరేమి? యజమాని ఎవరు? ఖాళీలు ఎన్ని? పర్మనెంటా, టెంపరరీనా? చదువు ఎంత? పని చేసే చోటు ఎక్కడ? ఎప్పుడు చేరాలి? అంతకు ముందు ఆ కుర్చీలో ఎవరైనా ఉండినారా, ఉంటే ఆయన ఏమయినాడు? ఈ ఎనిమిది ప్రశ్నలకు జవాబు లేనిదే మా రోజుల్లో ఉద్యోగం అనే మాట రాసేది లేదు.

ఇంకొకటి. అవతలి పార్టీ వాళ్ళు చెప్పే తొమ్మిది వందల ఉద్యోగాలు పచ్చి అబద్ధమని రాసినావు. నీకెట్లా తెలిసింది? వాళ్ళు అవతలి పార్టీ అనేనా?

నీ మేలు కోరే
హజరాబీ
(జూ. ఉపాధి అధికారి, రిటైర్డ్)

తా.క.: కరపత్రంలో నీలం టోపీ పెట్టుకోని నవ్వే ఆమెను నేనెక్కడో చూసినాను. యాసీన్ ప్రింటులో ఆమె ముఖం మీద గీత పడింది. ఫోటో వరకు పెద్దది చేసి పంపు.

---

ఆర్న్‌విక్, ఇంగ్లండు
జూన్ 11

ప్రియమైన నానీకి, సలాములు.

నానీ, నీకు దండం పెడతాను, ఆ కాయితం అద్దం మీద నుంచి తీయించు! అది ఇక్కడి ఓటర్లకు. ఆ పదకొండు మందికి చెప్పు, మిస్టర్ పెల్లో అనే ఆయన ఈ రేవు పట్నంలో ఎంపీగా నిలబడ్డాడు, ఆ ఉద్యోగాలు ఆయన తెచ్చానని చెప్పుకునేవి. మైపాడుకు సంబంధం లేదు.

నీ ఎనిమిది ప్రశ్నలు ఇంగ్లీషు చేసి మా మేనేజరు మార్జరీకి చూపించాను, నవ్వుకుంటుందని. ఆమె నవ్వలేదు. "ఎవరీమె? చాలా లోతుగా ఆలోచిస్తుందే" అంది. జూనియర్ ఉపాధి అధికారి అని సరిగ్గానే చెప్పాను. సంతోషమా?

లెక్క కూడా అడిగి తెలుసుకున్నాను. ఇక్కడ చేపలూ రొయ్యలూ పెట్టెలకెత్తే కోల్డ్ స్టోరేజిలో కొత్తగా వచ్చినవి అరవై రెండు. పోకుండా కాపాడినవి నాలుగు వందల పది. రేవు వెడల్పు చేస్తే రాగలవు అనుకునేవి మూడు వందల తొంభై ఐదు. సరుకు అందించే చోట్ల ఉన్నవి మూడు వందల ఎనభై. అన్నీ కలిపితే 1,247. కూడిక తప్పులేదు.

అవతలి పార్టీ వాళ్ళదేమో శుద్ధ కల్పన నానీ. ఇంకా కట్టని ఫ్యాక్టరీని కూడా లెక్కేసుకున్నారు. మాది అబద్ధం కాదు, లెక్కేసే పద్ధతి.

నీ
షబీనా

తా.క.: నాకో మంచి వార్త. రెండో కరపత్రంలో నా ఫోటో వేస్తారట. "పెల్లో గారి వల్ల నాకు ఉద్యోగం వచ్చింది" అని నేను ఒక్క వాక్యం రాసివ్వాలి. ఇస్తే ఎన్నికల తర్వాత ఆయన ఆఫీసులో పర్మనెంటు. ప్రస్తుతం నాది ఆరు వారాల పని, కరపత్రాలు మడిచేది. చదువు ముగిసి పది నెలలైంది. ఇంతవరకు వేరే ఎవరూ పిలవలేదు, నీకు తెలుసుగా.

---

మైపాడు,
జూన్ 13

చిరంజీవి షబీనాకు, దువాలు.

"కాపాడినవి నాలుగు వందల పది" అన్నావు. ఇది నాకు కొత్త. ఉన్న ఉద్యోగం పోకపోతే వచ్చినట్టా? మీ తాత ఇమామ్ సాహెబ్ నలభై రెండేళ్ళు నన్ను వదిలిపెట్టి పోలేదు. ఆ లెక్కన నాకు నలభై రెండు మంది మొగుళ్ళు. ఈ మాట ఆయన ఉండగా తెలిసుంటే చెప్పి నవ్వించేదాన్ని.

"రాగలవు" అన్న మూడు వందల తొంభై ఐదు సంగతి నేనేమీ అనను. మా వసారాలో ఉండేవాళ్ళూ అవే చేతబట్టుకోని కూర్చోనుండారు. పదకొండు మంది నలభై ఒక్కరయినారు. అద్దం మీది కాయితం తీయించినాను, అయితే యాసీన్ దాన్ని షాపు లోపల గోడకు అంటించినాడు. లోపలికి వచ్చి చదివేవాళ్ళు పోతా పోతా రెండు జిరాక్సులు తీయించుకుంటారంట.

అందరినీ కూర్చోబెట్టి, ఇవి మీకు కాదు నాయనా అని చెప్పినాను. టైటస్ అని ఐటీఐ ఫిట్టరు లేచి, "తెలుసు మేడమ్. అయినా మా పేర్లు రిజిస్టర్లో ఉండనీండి. ఎవరో ఒకరు రాసుకున్నారంటే బాగుంటుంది" అన్నాడు. నంబరు వేసిచ్చినాను. ముప్పై ఏళ్ళ కిందట జనం ఈ మాటే అనేవాళ్ళు. కొయ్య అరల్లో వాళ్ళ కార్డులు, మూడేళ్ళకొకసారి వచ్చి పొడిగించుకునేది, వచ్చినప్పుడల్లా నేను చేత్తో తడిమి కార్డు తీస్తే వాళ్ళ ముఖంలో వెలుగు. ఉద్యోగం రాలేదు, మనం మాత్రం వరసలో ఉండాము అనే వెలుగు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు పంపిన పెద్ద ఫోటో భూతద్దం పెట్టి చూసినాను. ఎడమ కనుబొమ్మ మధ్యలో గీత. చిన్నప్పుడు పడవ అంచు తగిలి పడిన గీత అది. ఆమె మన చెంచమ్మ! మునెయ్య కూతురు. ఇక్కడ రొయ్యల కంపెనీలో తొక్క వలిచే పని పదకొండేళ్ళుగా చేస్తా ఉంది. కబురు పెట్టి పిలిపించినాను. చూసి, "ఔనమ్మా, నేనే. పోయినేడు దొరలిద్దరు వచ్చినారు. మాస్కు దించి నవ్వమన్నారు. నవ్వినాను" అంది.

నీ కాయితం చదివి వినిపించినాను. వింటూనే అడిగింది. "నాకు ఆ దేశంలో ఉద్యోగం వచ్చిందంటే, మరి నేను రోజూ తెల్లారి ఈ కంపెనీ బస్సు ఎందుకెక్కతా ఉండానమ్మా?"

మీ మార్జరీని అడిగి చెప్పు.

నీ
హజరాబీ

తా.క.: నీ ఒక్క వాక్యం సంగతి. ఎనిమిది ప్రశ్నల్లో నాలుగోది ఇంకొకసారి చదువుకో.

---

ఆర్న్‌విక్
జూన్ 16

ప్రియమైన నానీకి,

ఎట్లా మొదలుపెట్టాలో తెలియడం లేదు. రెండో కరపత్రం నమూనా వచ్చింది. అందులో రెండో పేజీ మధ్యలో డబ్బా కట్టి ఇట్లా ఉంది: "మా ఉపాధి ప్రణాళికను భారత ప్రభుత్వ అనుభవజ్ఞురాలైన నిపుణురాలు శ్రద్ధగా అధ్యయనం చేస్తున్నారు. ఇప్పటికే నలభై ఒక్క దరఖాస్తులు."

ఆ నిపుణురాలివి నువ్వే నానీ. నలభై ఒక్క దరఖాస్తులు మన వసారా. నీ ఉత్తరం చదువుతూ నాలో నేను నవ్వుకుంటుంటే మార్జరీ ఎందుకని అడిగింది, చెప్పాను. నాదే తప్పు.

చెంచమ్మ సంగతీ అడిగాను. "సరుకు అందించే చోట్ల మూడు వందల ఎనభై" అంటే మైపాడు దగ్గరి ఆ కంపెనీ ఆడవాళ్ళేనట. వాళ్ళు వలిచిన రొయ్యలే ఇక్కడి కోల్డ్ స్టోరేజికి వస్తాయి. "అయితే ఆమె నిజంగానే లెక్కలో ఉందన్నమాట, ఫోటో సరైనదే" అని మార్జరీ చాలా సంతోషించింది.

నా వాక్యం శుక్రవారం లోపల ఇవ్వాలి. నానీ, కోప్పడకుండా విను. ఇది కోర్టులో సాక్ష్యం కాదు, ఎన్నికల కాయితం. అందరూ ఇట్లాగే రాస్తారు. అవతలి వాళ్ళు ఇంకా ఘోరం. నాకు ఈ ఉద్యోగం కావాలి. పది నెలలుగా అమ్మతో ఫోన్లో "వస్తుందమ్మా, వస్తుంది" అని చెప్పి చెప్పి నా గొంతు నాకే విసుగొచ్చింది. నువ్వు అన్నేళ్ళు ఆఫీసులో పని చేశావు. పై ఆఫీసరు రాయమన్నది ఒక్కసారి కూడా రాయలేదా?

నీ
షబీనా

తా.క.: పెల్లో గారు నిపుణురాలితో వీడియోలో మాట్లాడాలంటున్నారు. నువ్వు పొలాల వైపు తనిఖీకి వెళ్ళావని చెప్పాను. ఇది కూడా అబద్ధమే, లెక్కేసుకో.

---

మైపాడు,
జూన్ 18

చిరంజీవి షబీనాకు,

రాసినాను.

అడిగినావు గాబట్టి చెప్తా ఉండాను. మీ అమ్మకు కూడా తెలియదు.

ముప్పై ఏళ్ళ కిందటి మాట. ఇక్కడా అప్పుడు ఎన్నికలే. మేము ఒక ఉద్యోగ మేళా పెట్టినాము, షామియానా, మైకు, మంత్రి. పిలిపించిన వాళ్ళు మూడు వందల పన్నెండు మంది. నిజంగా ఉద్యోగం దొరికింది పంతొమ్మిది మందికి. మర్నాడు ఆఫీసరు నన్ను పిలిచి, "హజరాబీ, ఇంటర్వ్యూకు పంపిన వాళ్ళందరినీ నియమితులు అని రాయి. ఎన్నికలయినాక సరిచేద్దాము" అన్నాడు. చెడ్డమనిషి కాదు. నా బదిలీ ఆపింది ఆయనే. మీ అమ్మ అప్పుడు పదో తరగతి.

నా చేతిరాత బాగుంటుందని నాకు గర్వం. పచ్చ సిరాతో, ఒక్క కొట్టివేత లేకుండా, మూడు వందల పన్నెండు కార్డుల మీద "నియామకం జరిగినది" అని రాసి అరల్లోంచి తీసి కట్టలు కట్టినాను. అర వదిలిన కార్డుకు ఇంక పిలుపు రాదు. ఎన్నికలయినాయి. ఆఫీసరు మారినాడు. కట్టలు అటక ఎక్కినాయి. సరిచేయమని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఆ కట్టల్లో మునెయ్య కార్డు ఉండింది. చెంచమ్మ నాయన. వాళ్ళ పేటలో పది పాసయిన మొదటి మనిషి. తొమ్మిదేళ్ళ సీనియారిటీ, ఇంక ఒకటో రెండో పిలుపుల దూరంలో ఉండినాడు. పొడిగించుకునేదానికి వస్తే పక్క సీటాయన కట్ట విప్పి కార్డు తీసి, "నీకు ఉద్యోగం వచ్చింది గదయ్యా, కార్డు మీద రాసుంది, తీసుకోని పో" అన్నాడు. మునెయ్య ఆ కార్డు తిప్పి తిప్పి చూసినాడు. తర్వాత నా వైపు తిరిగి, చాలా మర్యాదగా, "ఎక్కడమ్మా? చెప్తే పోతాను" అన్నాడు.

అంతే. ఎగతాళి కాదు. నిజంగానే అడిగినాడు.

నేను ఫైలు వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను. ఆయన కొంతసేపు నిలబడి వెళ్ళిపోయినాడు. సముద్రానికే పోయినాడు, చివరిదాకా. నాలుగేళ్ళ కిందట చనిపోయినాడు. ఈ ఊళ్ళో అన్నేళ్ళు ఎదురెదురు పడినాము. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. బస్సు సంగతి చెంచమ్మ అడిగినప్పుడు అందరూ నవ్వినారు. నేను లోపలికి పోయి నీళ్ళు తాగినాను.

నీ వాక్యం రాయమనీ చెప్పను, వద్దనీ చెప్పను. పది నెలలు ఖాళీగా ఉండడం ఎట్లా ఉంటుందో కిటికీకి ఇవతల కూర్చొని నేను చాలా చూసినాను. దాన్ని తేలిగ్గా తీసేసే దాన్ని కాదు. ఒక్కటే చెప్తాను. రాసేటప్పుడు అది అంకెగానే ఉంటుంది. తర్వాత ఒక మనిషి వచ్చి ఎక్కడమ్మా అని అడుగుతాడు.

నీ
హజరాబీ

తా.క.: నన్ను పొలాల వైపు తనిఖీకి పంపినావు. ఉపాధి శాఖకు పొలాలతో ఏమి పని? అబద్ధమాడినా శాఖ చూసుకోని ఆడు.

---

ఆర్న్‌విక్
జూలై 6

నా నానీకి,

ఇన్ని రోజులు రాయనందుకు తిట్టు. మొత్తం చెప్తాను.

ఆ శుక్రవారం వాక్యం రాసిచ్చాను. ఇదీ నేను రాసింది: "పెల్లో గారి వల్ల నాకు ఉద్యోగం వచ్చింది. ఆరు వారాలు. మీ చేతిలోని ఈ కాయితాన్ని మడిచింది నేనే."

మార్జరీ మొదటి ఆరు మాటలు చూసి "చాలా బాగుంది" అని అచ్చుకు పంపేసింది. పద్దెనిమిది వేలు! చివరిదాకా చదివినవాళ్ళు ఆ ఆఫీసులో ఒక్కరూ లేరు. నా వాక్యాన్ని నేనే కూర్చుని మడిచాను. మూడో రోజుకు వీధుల్లో జనం నవ్వడం మొదలైంది. ఒక ముసలాయన తలుపు తీసి, "మడత చక్కగా ఉందమ్మాయ్, ఈ ఎన్నికల్లో నేను చూసిన నిజమైన పని ఇదొక్కటే" అన్నాడు. ఊరి పత్రికలో వేశారు. పోలింగుకు రెండు రోజుల ముందు మార్జరీ నన్ను ఇక రావద్దంది. అరవలేదు. "నేను చదివి ఉండాల్సింది" అని మాత్రం అంది.

ఇంకా విను. అవతలి పార్టీ వాళ్ళు నా వాక్యం కత్తిరించి వాళ్ళ కాయితంలో వేసుకున్నారు, నిజాయితీ గల అమ్మాయి అని. దాని పక్కనే వాళ్ళ తొమ్మిది వందల ఉద్యోగాలు. వాళ్ళది అబద్ధమని నీకెట్లా తెలిసిందని నువ్వు మొదటి ఉత్తరంలో అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబిస్తున్నాను. ఔను నానీ, అవతలి పార్టీ అనే.

నాకు ఇక్కడ ఓటుంది, ఇండియా లాంటి కామన్వెల్త్ దేశాల వాళ్ళకు ఇస్తారు. వేశాను. ఎవరికో చెప్పను. పెల్లో గారు రెండు వందల చిల్లర ఓట్లతో గెలిచారు. గెలిచాక మాట్లాడుతూ పదమూడు వందల ఉద్యోగాలన్నారు.

సోమవారం నుంచి నాకు పని దొరికింది. కోల్డ్ స్టోరేజిలో, రొయ్యల పెట్టెలు సరిచూసి చీటీ అంటించేది. నిన్న చూపించారు. పెట్టె మీద మన జిల్లా పేరు. చెంచమ్మక్క వలిచినవేమో. ఇప్పుడు ఆ 1,247లో నేనూ నిజంగా ఒకదాన్ని.

నీ
షబీనా

తా.క.: కోటు నీలం, టోపీ నీలం. నవ్వమని ఇంకా ఎవరూ అడగలేదు.

---

మైపాడు,
జూలై 8

చిరంజీవి షబీనాకు, నానీ మనసారా దువాలు.

తప్పు. నువ్వు 1,247లో లేవు. ఎనిమిదో ప్రశ్న చూడు. ఆ చోట ఇంతకు ముందు ఎవరో ఉండి మానేసి ఉంటారు. నువ్వు ఖాళీ పూరించినావు, కొత్తది కాదు. అయినా రాత్రి అందరికీ సేమియా చేసి పెట్టినాను.

నా రిజిస్టరు సంగతి. ఊరికే ఉండలేక, నలభై ఒక్క పేర్లూ చదువులతో సహా తెల్లకాయితం మీద ఎక్కించి ఇక్కడి రొయ్యల కంపెనీకి పోయి, మీ దగ్గర ఖాళీలు ఎన్ని అని అడిగినాను. టైటస్‌ను మిషన్ల దగ్గర తీసుకున్నారు. రెజీనాను ఫస్ట్ ఎయిడ్ గదిలో. బుచ్చిరెడ్డిపాలెం అబ్బాయి ఒకడిని తూకం దగ్గర. మొత్తం మూడు. యాసీన్ "ఖాలా, ముప్పై అని బోర్డు పెడదామా, జనం వస్తారు" అన్నాడు. స్కేలు చూపించినాను.

మొన్న చెంచమ్మను కూర్చోబెట్టి వాళ్ళ నాయన కార్డు సంగతి చెప్పినాను. చెప్పడానికి ముప్పై ఏళ్ళు పట్టింది, చెప్పేసరికి రెండు నిమిషాలే. ఆమె విని, "తెలుసమ్మా" అంది.

"ఏమి తెలుసు?"

"నాయన చెప్పినాడు. పచ్చ సిరా మేడమ్‌దే అని. మా పేటలో అర్జీలన్నీ మీరే గదా రాసిచ్చేది, ఆ రాత ఎవురికి తెలీదు?"

"మరి ఒక్క మాట అనలేదే!"

"కోపం ఉండింది. అమ్మతో చెప్పుకోని ఒకసారి ఏడ్చినాడు. తర్వాత్తర్వాత అదే పరాచికం చేసుకున్నాడు. వలలు బాగుచేసేకాడ, 'ఒరే, ఈ పేట మొత్తానికి గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది నాకొక్కడికే. అడ్రసు ఇయ్యలేదు గాబట్టి పోలేదు' అనేవాడు. అందరూ పడి పడి నవ్వేవాళ్ళు."

ఇంటికి పోయి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. కార్డు అందులోనే ఉంది. అంచులు నలగలేదు. నా రాత, పచ్చగా, ఒక్క కొట్టివేత లేకుండా. నేను పెన్ను తీసి ఆ మాట కొట్టేయబోయినాను. చెంచమ్మ చెయ్యి పట్టుకునింది. "వద్దమ్మా. నాయన ఉద్యోగం పీకేస్తారా?"

నవ్వినాము. ఎక్కువసేపే నవ్వినాము. తర్వాత ఆమె ఒకటి అడిగింది. కార్డునూ, తన ఫోటో ఉండే మీ మొదటి కరపత్రాన్నీ ఒకే పటం కట్టించి గోడకు పెట్టుకుంటుందంట. నాయనకూ కూతురికీ ఉద్యోగాలు వచ్చినాయి, ఇద్దరూ పోలేదు, పక్కపక్కన ఉండాలి అంటుంది. యాసీన్ ప్రింటు పనికిరాదు, ముఖం మీద గీత.

కాబట్టి నీకొక పని. మీ పాత ఆఫీసుకు పోయి, మార్జరీకి నా సలాము చెప్పి, మిగిలినవాటిలో శుభ్రమైనది ఒకటి అడుగు. రెండు అట్టముక్కల మధ్య పెట్టి, దారం కట్టి, రిజిస్టరు పోస్టులో పంపు. వేలకు వేలు మడిచినావు. ఇదొక్కటి మడవకుండా పంపు.

నీ
హజరాబీ